దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం

మన కోస్తాకు తుపాను కొత్త కాదు. ఏటా మే నెల చుట్టుపక్కల ఒకమారు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోమారు బంగాళాఖాతం మన తలుపు తడుతూనే ఉంటుంది. ఒక ఏడాది శ్రీకాకుళం వైపు, ఒక ఏడాది నెల్లూరు వైపు, ఇంకో ఏడాది కృష్ణా గోదావరి మధ్య. చోటు మారుతుంది గాని రాకపోకలు ఆగవు. వస్తుందని తెలిసిన ఆపదకు ముందుగా సిద్ధపడనివారిని ఏమనాలి? పెళ్లికి ఆరు నెలల ముందే బియ్యం, పప్పు, నెయ్యి లెక్క వేసుకునే మనం, ఇంటిల్లిపాది ప్రాణాలకు సంబంధించిన లెక్క మాత్రం గాలి మొదలయ్యాక వేస్తాము. ఈ అలవాటు గురించే ఈ వారం నాలుగు మాటలు చెప్పదలిచాం.

గతం చెప్పే పాఠం

మచిలీపట్నం మన పూర్వీకులకు పెద్ద రేవు. గోల్కొండ నవాబుల కాలంలో ఇక్కడి నుంచి ఓడలు పారశీకానికి, అరబ్బు తీరాలకు వెళ్లేవి. అదే పట్నాన్ని 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముంచెత్తింది. సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. మళ్లీ 1977 నవంబరు 19న దివిసీమ. తాటిచెట్టు మొదలు మునిగేంత ఎత్తున సముద్రం లేచి, పది కిలోమీటర్లకు పైగా ఊళ్ల మీదకు వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. 1990 మేలో మళ్లీ మచిలీపట్నం పరిసరాలు. 1996 నవంబరు 6న కోనసీమ. ఆ రాత్రి లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు.

ఇవన్నీ చదివి భయపడాలని మేము చెప్పడం లేదు. ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని పక్కన పెట్టి చూడండి. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెను తుపాను కొట్టినప్పుడు పదివేల మంది వరకు చనిపోయారు. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను అదే ఒడిశా మీదకు వచ్చింది. దాని గాలి కూడా గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటింది. కాని చనిపోయినవారు కొన్ని పదుల మంది. ఎందుకు ఇంత తేడా? గాలి జాలిపడలేదు, సముద్రం చల్లబడలేదు. లక్షల మంది ముందే ఇళ్లు వదిలి గట్టి కట్టడాల్లోకి చేరారు. తేడా అంతా ఆ ఒక్క రోజు ముందు కదలడంలోనే ఉంది.

తఖ్దీర్ పేరిట బద్ధకం

మనలో కొందరు పెద్దలు అంటుంటారు: "రాసిపెట్టి ఉన్నది తప్పుతుందా? అల్లాహ్ ఉన్నాడు, మేము ఎక్కడికీ రాము." మాట వినడానికి ఈమాన్‌తో నిండినట్టే ఉంటుంది. కాని దీన్ని తవక్కుల్ అనరు. ఒంటెను కట్టకుండా దేవుడి మీద భారం వేస్తానన్న మనిషికి దైవప్రవక్త (స) ముందు కట్టమని, ఆ తర్వాత భారం వేయమని చెప్పిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. సిరియాలో అంటురోగం ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట నుంచే వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే వెళ్తున్నామన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. యూసుఫ్ (అలై) కరువు రాబోతుందని తెలిసి ఏడేళ్లు ధాన్యం నిలవ చేయించారు. తద్‌బీర్ చేసినందువల్ల వీరిలో ఎవరి ఈమాన్ తగ్గింది?

ఇంకొక మాట. ముసలి తాత కదలనంటే ఆయన ఒక్కడే ఉండిపోడు. ఆయన్ని వదిలి కొడుకు కదలడు, కొడుకును వదిలి కోడలు కదలదు, తల్లిని వదిలి పసిపిల్లలు కదలరు. ఒక మనిషి మొండితనానికి ఏడుగురి ప్రాణం తాకట్టు. మన ప్రాణం మన సొంత ఆస్తి కాదు, అమానత్. పక్కవాడి ప్రాణం అంతకన్నా పెద్ద అమానత్.

హెచ్చరికను ఎలా చదవాలి?

వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలు దశలవారీగా ఇస్తుంది. తీరంలో వాతావరణం చెడడానికి సుమారు 48 గంటల ముందు మొదటిది, 24 గంటల ముందు రెండవది, తీరం దాటడానికి 12 గంటల ముందు మరొకటి. ఇంటి పనులు కూడా ఈ మూడు గడువులకే సర్దుకోవాలి.

గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. పూరిళ్లు, రేకుల ఇళ్లు తీవ్ర తుపానుకే తట్టుకోలేవు. అలాంటి ఇంట్లో ఉన్నవారు రెండో హెచ్చరిక విన్న వెంటనే కదలాలి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల విషయంలో చాలామంది పొరబడతారు. ఒకటి నుంచి పదకొండు వరకు ఉండే ఆ నంబర్లు ఓడల కోసం. పదో నంబరు అంటే తుపాను ఆ రేవు మీదుగానో, దాని సమీపంలోనో దాటుతుందని అర్థం. పదకొండో నంబరు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మన ఇల్లు రేవుకు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ నంబరును బట్టి ధైర్యం తెచ్చుకోవడం గాని, బెంబేలెత్తడం గాని రెండూ తప్పే. మన మండలం పేరు, ఎంత గాలి, ఎంత వాన, ఉప్పెన ఉందా లేదా అన్న నాలుగు ముక్కలే మనకు కావాలి.

మన తీరంలో తుపాను కేంద్రానికి ఉత్తరం వైపున గాలి సముద్రం మీద నుంచి నేల మీదకు వీస్తుంది. ఉప్పెన ఎక్కువగా అటే లేస్తుంది. కేంద్రం మన ఊరికి దక్షిణంగా దాటుతుందని వింటే, మనకు తప్పిపోయిందని సంబరపడకూడదు. ముప్పు మన వైపే ఉందని తెలుసుకోవాలి. ఇంకొకటి, తుపాను కన్ను మన మీదుగా వెళ్తే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. ఆకాశం తెల్లబడుతుంది. మగవాళ్లు చూడడానికి వీధిలోకి వస్తారు. అరగంటో గంటో గడిచాక గాలి ఎదురు దిక్కు నుంచి, అదే బలంతో తిరిగి విరుచుకుపడుతుంది. ఈ సంగతి తెలియక పోయిన ప్రాణాలు ఎన్నో.

సెల్‌ఫోన్లలో చేతులు మారే కబుర్లను నమ్మి పరుగులు పెట్టవద్దు, ధైర్యంగా కూర్చోనూ వద్దు. రేడియో, జిల్లా కలెక్టర్ కార్యాలయం ప్రకటన, ఊళ్లో అధికారుల మాట, ఇవే ఆధారం. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్రానికి 1070. గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకున్నా తప్పులేదు.

ఇంట్లో ఏమి ఉండాలి?

ముందు నీళ్లు. వాన నీళ్లలో ఊరు మునిగి ఉంటుంది గాని తాగడానికి గుక్కెడు దొరకదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్క వేసుకుంటే, ఆరుగురున్న ఇంటికి మూడు రోజులకు 72 లీటర్లు. అంటే నాలుగు పెద్ద క్యాన్లు, లేదా ఐదు బిందెలు. కరెంటు ఉండగానే నింపి మూతలు పెట్టాలి. తర్వాత దొరికే నీటిని కాచి తాగాలి. కాచే వీలు లేకపోతే 20 లీటర్లకు అరగ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి వేసి అరగంట ఆగాలి.

పొయ్యి వెలగని రోజుల కోసం అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం, ఖర్జూరం, బిస్కెట్లు. పసిపిల్లలుంటే పాలపొడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు ఎంత పెద్ద నగరమైనా రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల కోసం, నీళ్ల కోసం జనం బారులు తీరారు. డబ్బున్నవాడూ లేనివాడూ ఒకే వరుసలో నిలబడ్డారు. బ్యాంకు యంత్రాలు మూగబోయిన రోజున, ఫోన్‌తో చెల్లింపులు ఆగిపోయిన రోజున చేతిలో ఉన్న పది, ఇరవై, వంద నోట్లే అక్కరకొస్తాయి. నాలుగు రోజుల ఖర్చుకు సరిపడా చిల్లర ముందే తీసి ఉంచండి.

మందులు. బీపీ, షుగర్, ఆయాసం ఉన్నవారికి కనీసం పది రోజులకు సరిపడా ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో ఉంచితే చల్లగా ఉంటుంది. నెలలు నిండిన ఆడబిడ్డ ఇంట్లో ఉంటే తుపాను కబురు తెలిసిన రోజే ఆసుపత్రి ఉన్న పట్నానికి చేర్చాలి. గాలిలో ఆటో రాదు, పడిపోయిన చెట్లు అంబులెన్సును కదలనివ్వవు.

కాగితాలు. ఈ విషయంలో మన ఇళ్లలో నిర్లక్ష్యం మరీ ఎక్కువ. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా, పిల్లల సర్టిఫికెట్లు, నిఖానామా, పాస్‌పోర్టులు. ఇవన్నీ ఒకటి ట్రంకుపెట్టెలో, ఒకటి అల్మారా మీద, ఒకటి అత్తగారి దగ్గర ఉంటాయి. తుపాను తర్వాత నష్టపరిహారం రాసుకునేవారు మొదట అడిగేది కాగితమే. పాడైన ఇల్లు కళ్లెదుటే ఉన్నా, కాగితం లేని మనిషి ఆఫీసుల చుట్టూ తిరగవలసిందే. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. కనుక అన్నిటినీ ఒకే చోట చేర్చి, రెండు ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి కట్టి, ఇల్లు వదిలేటప్పుడు ఇల్లాలి చేతిసంచిలో ఉండేలా చూడాలి. ఒక్కో కాగితానికి ఫోటో తీసి వేరే ఊళ్లోని బంధువుకు పంపి ఉంచడం ఈ రోజుల్లో నిమిషం పని.

పనిముట్లు. మనలో ఎక్కువమంది చేతిపని మీద బతికేవారు. కుట్టుమిషను, దూది, పరుపుల బట్ట, తోపుడుబండి, మెకానిక్ సామాను. ఇల్లు నిలిచి పనిముట్టు పోయినా ఆ కుటుంబం ఆరు నెలలు లేవలేదు. మిషను తల విప్పి అటక మీదకు ఎక్కించండి. దూదిని గట్టి కప్పు ఉన్న చోటికి తరలించండి. తోపుడుబండిని తలకిందులు చేసి చెట్టుకు కాకుండా గోడ కొక్కేనికి కట్టండి.

ఇక ఇల్లు. పూరికప్పు మీద తాళ్లు అడ్డంగా వేసి గుంజలకు బిగించాలి. వదులైన రేకులు దించేయాలి. గాలిలో ఎగిరే రేకు కత్తికన్నా ప్రమాదం. ఇంటి మీదకు వాలిన కొమ్మలు, కొబ్బరిచెట్టు ఎండు మట్టలు, ముదిరిన కాయలు ముందే దించాలి. గాలి పెరిగాక మెయిన్ స్విచ్చి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయాలి. కొవ్వొత్తి, కిరోసిన్ దీపం గాలిలో నిప్పుకు దారితీస్తాయి, టార్చిలైటే మేలు. గట్టి ఇంట్లో ఉన్నవారు కిటికీలకు దూరంగా నడిమి గదిలో కూర్చోవాలి.

మేకలు, గేదెల సంగతి మరవకండి. ఉప్పెన వచ్చే ఊళ్లలో కట్టుగుంజకు ఉన్న పశువు నిలబడ్డ చోటే మునిగి చనిపోతుంది. వీలైతే మెరకకు తోలాలి, కుదరకపోతే పలుపు విప్పి వదిలేయాలి. ఒంటెను కట్టమన్నది జాగ్రత్త కోసమే. ఉప్పెన రాత్రి విప్పడమే జాగ్రత్త. మాట అదే, సమయం వేరు.

ఇల్లాలికి అనుమతి ఎవరివ్వాలి?

ఇది కొందరికి చేదుగా ఉండవచ్చు. అయినా చెప్పక తప్పదు.

మనలాగే బంగాళాఖాతం ఒడ్డున ఉన్న బంగ్లాదేశ్‌లో 1991 ఏప్రిల్ 29 రాత్రి వచ్చిన తుపానులో లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. ఇరవై నుంచి నలభై నాలుగేళ్ల వయసు ఆడవాళ్లలో మరణాల రేటు అదే వయసు మగవాళ్లకన్నా దాదాపు నాలుగైదు రెట్లు ఉన్నట్టు తర్వాత లెక్కల్లో తేలింది. కారణాలు వెతికినవారు చెప్పింది ఇదే. భర్త వచ్చేదాకా ఇల్లు కదలకూడదని ఆగినవారు ఉన్నారు. పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన ఆశ్రయంలోకి వెళ్లడానికి సిగ్గుపడి ఉండిపోయినవారు ఉన్నారు. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఒక బిడ్డతో నీళ్లలో నడవలేక పోయినవారు ఉన్నారు. ఆ దేశం ఆ పాఠం నేర్చుకుంది. ఆశ్రయాల్లో ఆడవాళ్లకు వేరే గదులు పెట్టారు, హెచ్చరిక చెప్పే సేవకుల్లో ఆడవాళ్లను చేర్చుకున్నారు. 1970లో మూడు లక్షల మందిని కోల్పోయిన దేశం, 2007లో సిడర్ లాంటి భీకర తుపానులో మృతుల సంఖ్యను మూడు నాలుగు వేలకు తగ్గించుకోగలిగింది. అది కూడా ఎక్కువే, కాని దారి ఏదో తెలిసింది.

మన ఇళ్ల పరిస్థితి చూడండి. ఇంటాయన కువైట్‌లోనో, దుబాయిలోనో, ఖతర్‌లోనో ఉంటాడు. ఇక్కడ ఇల్లాలు అత్తమామలతో, పిల్లలతో ఉంటుంది. రాత్రి పదకొండింటికి మైకులో ప్రకటన వస్తుంది. ఫోన్ కలవదు. ఆమె ఎవరినడగాలి? అందుకే మేము చెప్పేది ఒక్కటే. ఆ అనుమతి ఇవాళే, ఎండ కాస్తుండగానే ఇచ్చేయండి. "హెచ్చరిక వింటే నన్నడగకు, పిల్లల్ని, అమ్మానాన్నల్ని తీసుకుని ఫలానా చోటికి వెళ్లు" అని ఆ చోటు పేరు చెప్పి మరీ ఇవ్వండి. అత్తగారు కూడా ఆ మాట వినేలా చెప్పండి. హయా మన ఆడవాళ్ల ఆభరణమే, సందేహం లేదు. కాని ప్రాణాపాయంలో షరీఅత్ సడలింపులు ఇచ్చింది బతకడం కోసమే. ఏ ఫిఖా గ్రంథమూ నీళ్లలో మునిగిపొమ్మని చెప్పదు.

మస్జిద్ చేయగల పని

వాన, చలి గాలి ఉన్న రాత్రి నమాజును ఇళ్లలోనే చేసుకోమని అజాన్‌తో పాటు ప్రకటించే ఆచారం దైవప్రవక్త (స) కాలంలోనే ఉంది. జమాఅత్‌కు రమ్మని పిలిచే నోటితోనే, ఆపద వేళ ఇంట్లో ఉండమని చెప్పించిన ధర్మం మనది. తుపాను రోజున మస్జిద్ దాకా వెళ్లలేకపోతే నేరం చేసినట్టు బాధపడనక్కర్లేదు.

అదే మస్జిద్ మైకు ఊరికి హెచ్చరిక చెప్పడానికి అక్కరకు రావాలి. తెలుగులోను, ఉర్దూలోను చెప్పాలి. కమిటీవారు సీజనుకు ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి: మహల్లాలో ఒంటరి వృద్ధులు ఎవరు, నడవలేనివారు ఎవరు, నెలలు నిండినవారు ఎవరు, మగదిక్కు ఊళ్లో లేని ఇళ్లు ఏవి. ఒక్కో ఇంటికి ఇద్దరు యువకుల్ని అప్పగించాలి. మస్జిద్, మదరసా, షాదీఖానా భవనాలు గట్టివైతే వాటిలో ఆడవాళ్లకు వేరే గది, వేరే మరుగుదొడ్డి ఏర్పాటు చేసి తలుపులు తెరవాలి. ఆ తలుపు అందరికీ తెరవాలి. పక్క పేటలోని మత్స్యకారుడు, ఎదురింటి కూలీ వచ్చి నిలబడితే పేరు అడగకూడదు. మన పిల్లలు వారి చర్చిలోనో, రామాలయం అరుగు మీదో తలదాచుకోవలసిన రాత్రి కూడా రావచ్చు. భవనం పాతదై, పగుళ్లు పట్టి ఉంటే మాత్రం దాన్ని ఆశ్రయంగా చూపవద్దు. పవిత్రత కప్పును నిలబెట్టదు, ఇనుము, సిమెంటు నిలబెడతాయి.

కోస్తాకు దూరంగా ఉన్నవారు ఇది తమ సంగతి కాదనుకోవద్దు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండమే హైదరాబాదును ముంచింది. పాతబస్తీలో అల్ జుబైల్ కాలనీ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. సముద్రం కనిపించని చోట కూడా సముద్రపు వాన కురుస్తుంది.

గాలి ఆగాక

గాలి ఆగిందని పరుగున బయటికి రావద్దు. తెగిన కరెంటు తీగ నీళ్లలో పడి ఉండవచ్చు. నీటితో కొట్టుకొచ్చిన పాములు మంచం కింద, బట్టల మూటలో దూరి ఉండవచ్చు. కర్రతో తట్టి చూసి గాని చేయి పెట్టకూడదు. అధికారులు చెప్పేదాకా ఆశ్రయం వదలకూడదు. పాడైన ఇంటిని, సామానును శుభ్రం చేయకముందే ఫోటో తీసి ఉంచుకోవాలి.

సోదర సోదరీమణులారా, ఒమన్ దేశం సూచించిన హుద్‌హుద్ అన్న పేరు ఒక పక్షిది. సులైమాన్ (అలై) దగ్గరికి దూరదేశం నుంచి నిశ్చయమైన కబురు మోసుకొచ్చిన పక్షి అది. ఇవాళ మనకు కబురు రెండు రోజుల ముందే వస్తోంది. 1977 నాటి దివిసీమ పల్లెలకు ఆ భాగ్యం దక్కలేదు. కబురు వచ్చాక కదలకపోతే తప్పు కబురుది కాదు.

ఈ శుక్రవారం నమాజు నుంచి ఇంటికి వెళ్లాక భోజనం దగ్గర అందరినీ కూర్చోబెట్టండి. మూడు ప్రశ్నలు అడగండి. కాగితాలు ఎక్కడున్నాయి? నీళ్లు దేంట్లో పడతాం? ఎక్కడికి వెళ్తాం? మూడింటికీ జవాబు ఇంట్లో చిన్నపిల్ల కూడా చెప్పగలిగితే ఆ ఇల్లు సిద్ధంగా ఉన్నట్టే. ఆ తర్వాత చేతులెత్తి దుఆ చేద్దాం. చేయవలసింది చేసి అడిగే దుఆలోనే నిండుదనం ఉంటుంది.